ఆనపకాయ అంటే ఏ కాయో ముందు తేల్చండి

"మీ కుటుంబ సంస్కృతిని తలుచుకుంటే భిన్నత్వం అంటే మీకేం అర్థమైంది?" అని అడిగారు. ఇలాంటి ప్రశ్నకి అందరూ పంజాబీ కోడలు, అమెరికా అల్లుడు కథలే చెబుతారు. మా ఇంట్లో అలాంటివాళ్లెవరూ లేరు. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, అత్తగారిది చిత్తూరు జిల్లా పలమనేరు. కులం ఒకటే, మొక్కే దేవుళ్లూ వాళ్లే, బళ్లో చదివిన తెలుగు వాచకం కూడా ఒకటే. పెళ్లిచూపుల రోజు మా పెద్దనాన్న "మనోళ్లే కదమ్మా, అడ్జస్ట్ అవ్వడానికి ఏముంటుంది?" అన్నారు. ఆ తర్వాత ఆయన్ని చాలాసార్లు తలుచుకున్నాను.

2011 జనవరి మొదటి వారం. సంక్రాంతికి కొత్త అల్లుణ్ణి తీసుకుని మా ఊరెళ్లే ముందు నాలుగు రోజులు పలమనేరులో ఉన్నాం. పొద్దున్నే అత్తయ్యగారు సంచీ చేతికిచ్చి, "అనపకాయలు బాగా వచ్చినాయంట, రెండు కేజీలు తీసుకురామ్మా" అన్నారు. ఆనపకాయని కేజీల్లెక్కన అడగడమేంటా అనుకున్నాను గానీ, కొత్త కోడల్ని, ఎదురు ప్రశ్న వెయ్యలేదు. మార్కెట్లో లేతవి రెండు ఏరి, గోరు గుచ్చి మరీ చూసి, చంకలో పసిపిల్లల్లా మోసుకొచ్చాను.

ఆవిడ ఆ కాయల్ని చూశారు. నన్ను చూశారు. "ఇవి సొరకాయలు కదమ్మా!"

సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది.

వాళ్ల అనపకాయ చిక్కుడు జాతిది. గింజలు ఒలిచి, నానబెట్టి, ఒక్కోదాన్నీ రెండు వేళ్ల మధ్య నొక్కితే తొక్క చేతిలో మిగిలి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. నేను నొక్కితే ఎదుటివాళ్ల కంట్లో పడేది. దాన్ని పితికిపప్పు అంటారు. మంచు పడితేనే ఆ కాయకి వాసన పడుతుందట. రాగి సంగటిలోకి ఆ పులుసు తిన్నాక, నిజం చెప్పొద్దూ, నా అవమానం సగం మర్చిపోయాను.

మిగతా సగం మర్నాడు. ఆ రెండు కాయలూ వృథా పోకూడదని మా అమ్మ చేసే పద్ధతిలో బెల్లం వేసి ఆనపకాయ పులుసు పెట్టాను. మామగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "పాయసమని ముందే చెప్తే ఆఖర్న తాగుదును కదమ్మా" అన్నారు. పాపం ఎగతాళికి కాదు, నిజంగానే అడిగారు. పనసపొట్టు కూర సంగతి ఇక్కడ రాయను, రాస్తే ఇంకో పేజీ పడుతుంది.

నవ్వినందుకు నాకు బాధ లేదు. మూడు నెలల తర్వాత ఫోన్లో మా అమ్మతో మాటల మధ్యలో "ఇవాళ సొరకాయ వండాను" అన్నాను. అవతల అమ్మ ఒక్క క్షణం ఆగి, "అప్పుడే అక్కడి మాట వచ్చేసిందే నీకు!" అంది. అది గుచ్చుకుంది. అప్పటికే నా ఉల్లిపాయ ఎర్రగడ్డ అయింది, బంగాళాదుంప ఉర్లగడ్డ అయింది, కొబ్బరికాయ టెంకాయ అయింది. పలమనేరులో మాత్రం ఒక్క మాట కూడా మారలేదు.

నన్నడిగితే కుటుంబంలో భిన్నత్వాన్ని కొలవడానికి ఒకటే లెక్క: కోడలి పుట్టింటి వంట అత్తగారింట్లో నెలకి ఎన్నిసార్లు అవుతుందీ అని. పండక్కి ఓసారి, చుట్టాలొచ్చినప్పుడు వింత చూపించడానికి ఓసారి అయితే అది లెక్కలోకి రాదు. దీనికి మా ఆయన ఒప్పుకోడు. ఆయన సంగతి వదిలేయండి, పదిహేనేళ్లలో ఒక్క పూట పులస వాసన తట్టుకోలేదు.

మర్యాదల గొడవ ఇంకోటి. మా మరిది మొదటిసారి మా నాన్నని చూసి "ఎప్పుడొస్తివి మామా?" అన్నాడు. ఎప్పుడొచ్చారు అని అర్థం. వాళ్ల వైపు పెద్దవాళ్లని నువ్వు అంటే ప్రేమ. మా వైపు పక్కింటి పిల్లాణ్ణి కూడా ఏమండీ అంటాం. మా నాన్న రెండు రోజులు ముభావంగా ఉన్నారు. ఇటు చూస్తే నేను మీరు, గారు అంటుంటే అత్తయ్యగారు "ఈ పిల్ల ఇంకా కలవడం లేదు" అని మా ఆయన దగ్గర వాపోయారట. దీనికి తోడు మన సినిమాలు! సీమ యాస అంటే కత్తి, గోదావరి యాస అంటే కామెడీ. మా ఇంట్లో కత్తులూ లేవు, అంత కామెడీ కూడా లేదు.

ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నాం. మా పాప స్కూల్లో ‘భిన్నత్వంలో ఏకత్వం’ అని ఓ ఫ్యాన్సీ డ్రెస్ పెట్టారు. ఆంధ్రా అంటే ఏం వెయ్యాలి అని టీచర్ని అడిగితే పట్టుపావడా, పూలజడ అన్నారు. అయిపోయింది, మొత్తం రాష్ట్రం ఒక జడలో ఇమిడిపోయింది.

ఇక్కడే నాకో సంగతి తెలిసొచ్చింది. పక్కింటి కన్నడావిడ జనవరిలో ఓ గిన్నె కూర పట్టుకొచ్చి "హితకిద బేళె" అంది. మూత తీస్తే పితికిపప్పే! వాళ్లు సొరకాయని సోరెకాయి అంటారు. అంటే మా అత్తయ్యగారి వంటిల్లు తెలుగుదాన్నైన నాకంటే ఆవిడకే దగ్గర. తప్పేముంది, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా పలమనేరు ఉత్తర ఆర్కాటులో ఉండేది. అటు కోలారు, ఇటు వెల్లూరు చెయ్యి చాపితే అందుతాయి. దూరమైంది మా గోదావరే. భాష ఒకటైతే మనుషులంతా ఒకటే అని మనకెవరు నేర్పారో గానీ, వాళ్లు మాత్రం పక్క జిల్లా సంబంధం చేసుకుని ఉండరు.

మొన్న జనవరిలో మా అమ్మ అమలాపురం నుంచి వచ్చింది. అత్తయ్యగారు, పక్కింటావిడ హాల్లో కూర్చుని నానిన గింజలు పితుకుతున్నారు. ఇద్దరికీ భాష సగమే అర్థమవుతుంది, చేతులు మాత్రం ఒకే లెక్కన ఆడుతున్నాయి. అమ్మ కూడా కూర్చుంది. మొదటి గింజ టీవీకి తగిలింది. అరగంటకి చెయ్యి కాస్త కుదిరాక గిన్నెలోకి తొంగిచూసి, "వదినగారూ, ఇందులో చిన్న బెల్లం ముక్క వేస్తే ఎలా ఉంటుందంటారు?" అంది.

నేను గబగబా కాఫీ పెట్టడానికి లేచాను.