వెనక బుష్షు గట్టిదైతే బండి కుదురుగా పోతుందా?

ప్రశ్న: అన్నా, నాది 2014 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ కారు. 92 వేల కిలోమీటర్లు తిరిగింది. కడప నుంచి రోజూ ఎర్రగుంట్లకు పోయొస్తా. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వెనకాల 'దడ్'మంటోంది. రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్‌లో మలుపు తిప్పినాక వెనక భాగం కాస్త ఆగి వచ్చినట్టుంటోంది. షెడ్డులో చూసి, వెనక చక్రాలను కలిపే ఇనుప బీమ్‌ను బాడీకి పట్టే రబ్బరు బుష్షులు పోయినాయన్నారు. ఎట్లాగూ మార్చేదే కదా, ఊదా రంగు పాలీ (రబ్బరు బదులు గట్టి పాలీయురెథేన్‌తో చేసే) బుష్షులు వేయించు, బండి అతుక్కుని పోతుందంటున్నాడు స్నేహితుడు. వేయించేదా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: తమ్ముడూ, పాలీ సంగతి తర్వాత. ఆ చప్పుడు బుష్షుదేనా అని ముందు తేల్చుకో. డిక్కీలో స్టెప్నీ వదులైనా, షాకబ్జార్బర్ పై మౌంటు అరిగినా ఇట్లే మోగుతుంది. స్టెప్నీ, జాకీ దించేసి అదే స్పీడ్ బ్రేకర్ మీద ఒకసారి పోయి చూడు. అప్పటికీ చప్పుడు పోకుంటే బండిని లిఫ్టు ఎక్కించి, బీమ్ ముందు కొసన బ్రాకెట్టు సందులో టైర్ లివర్ పెట్టి మెల్లగా ఎత్తమను. రబ్బరు కొంచెం సాగి మళ్ళీ తన చోటికి రావాలి. ఇనుము నుంచి ఊడి నల్లటి సందు కనబడినా, పొడి రాలినా దాని పని అయిపోయినట్టే. ఇంకో గుర్తు కూడా ఉంది. వెనక టైరు మీద అరచేతిని లోపలి నుంచి బయటికి, మళ్ళీ బయటి నుంచి లోపలికి రుద్ది చూడు. ఒక దిక్కు నున్నగా, ఇంకో దిక్కు రంపం పళ్ళ మాదిరి తగిలితే ఆ చక్రం నేరుగా నడవడం లేదు.

బుష్షే పోయిందని తేలితే నా మాట ఒకటే. కంపెనీ రబ్బరు బుష్షులే వేయించు, రెండు పక్కలా. పాలీ వద్దు.

నీ బండికి వెనక ఉండేది ట్విస్ట్ బీమ్. 1974లో గోల్ఫ్, సిరోకోలతో ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది ఫోక్స్‌వ్యాగనే. రెండు చక్రాల ఆర్ములను ఒక అడ్డ ఇనుము కలుపుతుంది. ఆ మొత్తాన్ని బాడీకి పట్టి ఉంచేది ముందు కొసల్లో ఉండే రెండు బుష్షులే. రెండు చక్రాలూ ఒకేసారి గుంతలో దిగితే బుష్షు బోల్టు చుట్టూ తిరిగితే చాలు. ఒక్క చక్రమే దిగితే బీమ్ మెలి తిరుగుతుంది. అప్పుడు బుష్షు పక్కకు కూడా వాలాలి. రబ్బరు వాలుతుంది. గట్టి పాలీ అంత సులువుగా వాలదు, ఆ బిగువంతా బ్రాకెట్టు మీద పడుతుంది.

ఇట్లాంటి బీమ్‌కు వేసే బుష్షును చేతిలోకి తీసుకుంటే మధ్యలో చిక్కుడు గింజ ఆకారంలో ఖాళీలు కనిపిస్తాయి. రబ్బరు ఆదా చేయడానికి పెట్టినవి కావవి. మలుపులో చక్రాల మీద పక్క నుంచి తోపు పడితే బీమ్ కొంచెం వంకర తిరుగుతుంది, వెనక చక్రాలు మలుపు బయటి దిక్కుకు చూస్తాయి. తోక జారేది అక్కడే. దాన్ని అదుపు చేయడానికే ఏ దిక్కున మెత్తగా ఉండాలి, ఏ దిక్కున గట్టిగా ఉండాలి అని లెక్కగట్టి ఆ ఖాళీలు పెడతారు. అందుకే పాతది పీకే ముందే దాని దిక్కును బీమ్ మీద పంచ్‌తో గుర్తు పెట్టాలి. తిప్పి కూర్చోబెడితే కొత్త బుష్షు వేసి కూడా బండిని చెడగొట్టుకున్నట్టే.

పాలీతో ఉపయోగం లేదని నేననను. కదలిక తగ్గుతుంది, మలుపులో బండి చురుగ్గా తిరుగుతుంది. ట్రాకు మీద నడిపేవాళ్ళు అందుకే వేసుకుంటారు. పవర్‌ఫ్లెక్స్ కంపెనీ వాళ్ళ ఊదా రంగువి గట్టిదనం కొలిచే 'షోర్-ఏ' లెక్కలో 80, రేసులకిచ్చే నల్లవి ఇంకా గట్టివి, 95. కానీ నువ్వు తిరిగేది ఎర్రగుంట్ల దారి. బండల పొడి, సిమెంటు దుమ్ము గ్రీజులో కలిస్తే పాలీ బుష్షు కిర్రుకిర్రుమంటుంది, మళ్ళీ విప్పి గ్రీజు పెట్టాల. పైగా నీది ముందు చక్రాలు లాగే బండి, 105 పీఎస్. వెనక బిగుసుకుపోతే ఘాట్‌లో లారీ ఎదురొచ్చి నువ్వు యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్కసారిగా తీసినప్పుడు, బరువు ముందుకు పడి తోక బయటికొస్తుంది. వానలో ఇంకా తొందరగా. ఇంట్లోవాళ్ళను ఎక్కించుకుని రాయచోటి పోయే బండికి అది వద్దు. మిగిలిన డబ్బు మంచి టైర్లకూ షాకబ్జార్బర్లకూ పెట్టు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైంది, బిగించే తీరు. షెడ్డు పెట్టిన కొత్తలో నేనొక బండికి చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బుష్షు బోల్టు బిగించేసినా. నాలుగు నెలలకు ఆయన తిరిగొచ్చినాడు, కొత్త రబ్బరు చినిగిపోయింది. సరుకు బాగలేదనుకుని ఇంకో జత వేసినా. అదీ పోయింది. తప్పు నాదే. రబ్బరు బుష్షు లోపలి గొట్టం బోల్టుతో పాటు బిగుసుకుంటుంది, ఆపైన కదిలేదంతా రబ్బరు మెలి తిరగడమే. వేలాడేటప్పుడు బిగిస్తే, బండి నేల మీద ఊరికే నిలబడినా రబ్బరు మెలిపడే ఉంటుంది. ఆయన డబ్బు తిరిగిచ్చేసినా గానీ, ఆ పని గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కాబట్టి జాకీ ఎత్తక ముందే, చదునైన నేల మీద, వెనక చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసిపెట్టు. 36 సెంటీమీటర్లు వచ్చిందనుకో. కొత్త బుష్షు కూర్చున్నాక బోల్టు చేతి బిగువుతోనే ఉంచి, చక్రం కింద జాకీతో మళ్ళీ ఆ 36 వచ్చేదాకా ఎత్తాల. రెండు పక్కలా అట్లే. అప్పుడే టార్క్ రెంచ్ పెట్టాల. బోల్టులు కొత్తవి తెప్పించు, ఎంత బిగువో మాన్యువల్లో చూసి చేయమను.

పాత బుష్షును గ్యాస్ కట్టర్‌తో కాల్చి తీస్తామంటే ఒప్పుకోవద్దు. పక్కనే బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు ఉంటాయి. సుత్తి దెబ్బలకు బుష్షు కూర్చునే బీమ్ కన్ను వంకర పోతుంది. నేను లేత్‌లో పైపు ముక్కతో గిన్నె లాంటి కప్పు చేయించుకుని, మరలున్న రాడ్డుతో లాగి తీస్తా. కొత్తది ఎక్కేటప్పుడు సబ్బు నీళ్ళు రాస్తే చాలు, గ్రీజు వద్దు.

ప్రశ్న: అన్నయ్యా, మా కారుకు ఎడమ వైపు బీమ్ బుష్షు మార్పించి ఏడాది కాలేదు, మళ్ళీ ఉబ్బి మెత్తబడింది. కుడిది బాగానే ఉంది. ఈసారి కూడా ఒక్కటే మారిస్తే సరిపోతుందా?
– ఒక టీచరమ్మ, అనంతపురం

జవాబు: అమ్మా, రెండూ మార్పించండి. ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా ఉంటే బీమ్ ఒక పక్కకే లాగుతుంది. ఇక ఉబ్బిందంటున్నారు కాబట్టి ఒక మాట అడుగుతా. వాటర్ సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా కింద డీజిల్ కొట్టిస్తున్నారా? తుప్పు పట్టకుండా అని చాలా చోట్ల కొడతారు. అది ఇనుముకు మంచిదే కావచ్చు, రబ్బరు మాత్రం డీజిల్‌ను పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఆనక చీలుతుంది. షాకబ్జార్బర్ నుంచి నూనె కారి బుష్షు మీద పడుతోందేమో కూడా చూపించండి. కొత్తవి వేసినాక బండి కింద షాంపూ, నీళ్ళు తప్ప ఇంకేమీ కొట్టొద్దని బండి ఇచ్చేటప్పుడే గట్టిగా చెప్పండి.