మిద్దె తోట, మీ ప్రశ్నలు: ఒక్క గంజాయి మొక్క పెంచుకుంటే ఏమవుతుంది?

ఈ శీర్షికకి మామూలుగా టమాటా ఆకుముడత, మల్లె మొగ్గ రాలిపోవడం, కోకోపీట్ ఎంత కలపాలి లాంటి ప్రశ్నలే వస్తుంటాయి. ఈ మధ్య మాత్రం గంజాయి మొక్క గురించి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, ఇక్కడి నుంచే కాదు జర్మనీ నుంచి, అమెరికా నుంచి కూడా. అడగడంలో తప్పేం లేదండి, తెలియక చేసి ఇరుక్కోవడం కన్నా ముందే అడగడం మంచిది. అందుకే ఈసారి అన్నీ ఒకేచోట పెట్టాం. పేర్లు ఎవరివీ వేయట్లేదు.

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి): నాకు మిద్దె మీద పెద్ద తోట ఉంది. సిగరెట్ కూడా ముట్టను. విదేశాల గార్డెనింగ్ వీడియోల్లో చూసి ఆ ఆకు అందం నచ్చింది, షో కోసం ఒకే ఒక్క మొక్క కుండీలో పెట్టుకుందామని ఉంది. ఆకు మీద కేసు ఉండదు, పువ్వు మీదే ఉంటుంది అని మా ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: వద్దండి. మీ ఫ్రెండ్ చెప్పింది సగం నిజం, ఆ సగం నిజమే ప్రమాదం. మత్తుపదార్థాలని అదుపుచేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉండే కొసలు అని రాసి ఉంది, ఆ కొసలు లేకుండా ఒట్టి ఆకు, ఒట్టి గింజ ఉంటే ఆ నిర్వచనంలోకి రావు. ఉత్తరాదిలో కొన్ని రాష్ట్రాల్లో భంగు లైసెన్స్ షాపుల్లో అమ్మేది ఈ సందులోంచే. కానీ అదే చట్టంలో మొక్కకి వేరే నిర్వచనం ఉంది, కెనాబిస్ (గంజాయి శాస్త్రీయ నామం) జాతి మొక్క ఏదైనా సరే అని. సెక్షన్ 8 ఆ మొక్కని పెంచడాన్నే నిషేధించింది, సెక్షన్ 20(ఎ) కింద పెంచినవాళ్ళకి 10 ఏళ్ళ దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. పూత వచ్చిందా రాలేదా, మగదా ఆడదా, తాగడానికా చూసుకోడానికా అనే తేడా అక్కడ లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. పేపర్లో కిలో లోపు గంజాయి దొరికితే చిన్న కేసు అని చదివి చాలామంది ధైర్యంగా ఉంటారు. ఆ కిలో లెక్క దగ్గర పెట్టుకున్న సరుక్కి, దానికి ఏడాది దాకా జైలు లేదా 10 వేల దాకా జరిమానా లేదా రెండూ. పెంచడానికి అలాంటి చిన్న కొలత ఏదీ రాయలేదు. అంటే జేబులో పొట్లం ఉన్నవాడి కన్నా కుండీలో మొక్క ఉన్న మీకే పెద్ద సెక్షన్ పడుతుంది. మీది అద్దె ఇల్లయితే, తెలిసి ఊరుకున్నాడని ఓనర్ మీద కూడా సెక్షన్ 25 పెట్టొచ్చు.

మీకు నచ్చింది ఆ ఆకు ఆకారమే కదా, అయితే వావిలి పెట్టుకోండి. ఐదు వేళ్ళ ఆకు, అడుగున వెండి రంగు, లేత ఊదా పూలు, నలిపితే ఘాటు వాసన. బాలింత స్నానానికి నీళ్ళలో వేసి కాచేది ఈ ఆకే, వినాయక చవితి పత్రిలో సింధువారం అనేదీ ఇదే. కొమ్మ కత్తిరించి గుచ్చితే బతుకుతుంది, ఎండకి ఆగుతుంది, పెద్ద కుండీలో కత్తిరిస్తూ ఉంటే గుబురుగా వస్తుంది. ఇంత మంచి మొక్క మన ఊరి గట్ల మీద ఉచితంగా దొరుకుతుంటే జైలు మొక్క ఎందుకండి.

ప్రశ్న (తెనాలి నుంచి): మా పెరట్లో గోంగూర మొక్కలు ఏపుగా పెరిగాయి. పక్కింటావిడ ఫోటో తీసి మా వీధి వాట్సాప్ గ్రూపులో గంజాయి అని పెట్టింది. అత్తగారు భయపడి పీకేయమంటున్నారు. ఎలా నిరూపించాలి?

జవాబు: అమ్మా, పీకొద్దు. మీరు పంపిన ఫోటోలో ఉన్నది గోగు, నార గోంగూర. పక్కింటావిడ పొరపాటు పడడంలో విచిత్రమేం లేదు, ఈ మొక్క శాస్త్రీయ నామమే హైబిస్కస్ కెనాబినస్, ఆకు గంజాయి ఆకులా ఉంటుందనే ఆ పేరు.

తేడా ఎక్కడ చూడాలంటే ముందు ఆకు మొదలు దగ్గర చూడండి. గోగు ఆకు ఒకటే ఆకు, లోతుగా చీలి ఉంటుంది అంతే, చీలికలన్నీ కింద ఒకే రెక్కగా కలిసిపోతాయి. గంజాయిలో ఒక్కో రెక్క విడివిడిగా కాడ దాకా వచ్చి ఒక్క చుక్క దగ్గర అతుక్కుని ఉంటుంది, అంచులు రంపంలా ఉంటాయి, ప్రతి పన్ను కొసకీ ఒక ఈనె పోతుంది. తర్వాత మొక్క కిందకి చూడండి, గోగుకి అడుగు ఆకులు చాలావరకు చీలిక లేకుండా గుండ్రంగా ఉంటాయి, పైకి పోయేకొద్దీ చీలతాయి, కాండం మీద వేలు పెడితే సన్నటి ముళ్ళు తగులుతాయి. పువ్వు వస్తే ఇక అనుమానమే ఉండదు, గోగు పువ్వు బెండ పువ్వులా లేత పసుపు రెక్కలు, మధ్యలో ముదురు ఎరుపు. గంజాయి పువ్వుకి కంటికి ఆనే రెక్కలే ఉండవు, గాలికి పుప్పొడి చేరే మొక్క కాబట్టి దానికి రంగుతో పని లేదు. ఇవన్నీ వద్దనుకుంటే ఒక ఆకు తుంచి నమలమనండి, పులుపు తగిలితే గొడవ అయిపోయినట్టే.

వామింట మొక్కని చూసి కూడా కొందరు ఇలాగే కంగారు పడుతుంటారు, దానికీ ఐదు రెక్కలే, కానీ అంచులు నున్నగా ఉంటాయి, తెల్లటి పూలకి పొడుగు కేసరాలు బయటకొచ్చి ఉంటాయి. కర్రపెండలం ఆకు కూడా దూరం నుంచి అలాగే కనపడుతుంది. ఫోటో పెట్టినావిడతో పోట్లాడకుండా అదే గ్రూపులో పువ్వు ఫోటో, అడుగు ఆకు ఫోటో పెట్టండి, రెండు కట్టలు పంపిస్తే ఇంకా మంచిది.

ప్రశ్న (విశాఖ నుంచి): బరువు తగ్గడానికి ఆన్‌లైన్‌లో హెంప్ సీడ్స్ కొన్నాం. అవి చట్టబద్ధమేనా? మిగిలినవి మట్టిలో వేస్తే మొలుస్తాయా?

జవాబు: తినడానికి సరే. గంజాయి జాతికే చెందిన హెంప్ గింజలు, వాటి నూనె, పిండిని ఆహార పదార్థాలుగా కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2021లో అనుమతించింది, మత్తు ఇచ్చే టీహెచ్‌సీ ఎంత మించకూడదో పరిమితి కూడా పెట్టింది. గింజలో మత్తు లేదు, పైపొట్టు మీద అంటుకున్న జిగురుతో కాస్త ఉంటే ఉండొచ్చు. పొట్టు తీసినవి మొలవవు.

మట్టిలో వేయడం మాత్రం అస్సలు వద్దు. హెంప్ వేరు గంజాయి వేరు అని ప్యాకెట్ల మీద రాస్తారు గానీ అది మత్తు శాతంలో తేడా, మొక్క అదే కెనాబిస్ సటైవా. మన చట్టం శాతం చూడదు, జాతి చూస్తుంది. పీచు కోసం, గింజ కోసం సాగు చేయాలంటే ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి, ఉత్తరాఖండ్‌లో అలా లైసెన్సులు ఇచ్చారు. పెరట్లో నాలుగు గింజలు చల్లేవాళ్ళకి ఆ లైసెన్స్ రాదు. పక్షులకి వేసే గింజల మిక్స్‌లో కూడా ఒక్కోసారి ఇవి ఉంటాయి, కాబట్టి పంజరం కింద కుండీలో తెలియని మొక్క మొలిస్తే గమనించుకోండి.

ప్రశ్న (బెర్లిన్ నుంచి): ఎమ్ఎస్ కోసం వచ్చాను, షేర్డ్ ఫ్లాట్‌లో ఉంటాను. ఇక్కడ మూడు మొక్కలు పెంచుకోవచ్చు అంటున్నారు. బాల్కనీలో పెట్టాలని ఉంది, ఊర్లో నాన్న రైతు, నాకు మొక్కలంటే పిచ్చి. రూల్స్ చెప్తారా?

జవాబు: తమ్ముడూ, నిజమే, జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి 18 ఏళ్ళు దాటినవాళ్ళు ఇంట్లో ఒకేసారి మూడు మొక్కల దాకా పెంచుకోవచ్చు. కానీ ఆ ఒక్క లైను చదివి కుండీ కొనేయకు, దాని వెనక చాలా ఉంది. ముందు, నువ్వు అక్కడ కనీసం ఆరు నెలలుగా ఉంటూ ఉండాలి, నిన్నగాక మొన్న దిగినవాళ్ళకి వర్తించదు. పిల్లలకీ బయటివాళ్ళకీ అందకుండా కాపాడే బాధ్యత పెంచేవాడిదే, కాబట్టి ఎవరైనా చేయి చాపితే అందే బాల్కనీ కుదరదు, నీ రూమ్మేట్ కూడా ఇక్కడ బయటివాడి కిందే లెక్క అనుకుని తాళం పడే గదిలో పెట్టుకోవాలి. వాసన పక్కింటివాళ్ళకి భరించలేనంతగా పోకూడదు, పూత దశలో ఈ మొక్క వాసన చిన్నది కాదు.

అన్నిటికన్నా ఎక్కువమంది జారిపడే చోటు ఒకటుంది. ఇంట్లో ఎండబెట్టిన సరుకు 50 గ్రాములు మించకూడదు, బయట జేబులో 25. మూడు మొక్కలు బాగా వస్తే 50 దాటడం కష్టం కాదు. మిగిలింది ఫ్రెండ్స్‌కి పంచేద్దాం అనుకుంటావేమో, ఇంట్లో పండింది ఇంకొకరికి ఇవ్వడం నేరం, ఊరికే ఇచ్చినా సరే. దాటినదాన్ని పారేయాల్సిందే. మన ఇళ్ళల్లో కాసింది నలుగురికీ పంచడం అలవాటు కదా, ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు.

తోట పని విషయానికొస్తే, పగలు తగ్గి రాత్రి పెరిగేకొద్దీ పూతకొచ్చే మొక్క ఇది, మన చామంతిలాగే. అక్కడ బయట పెట్టినదానికి ఆగస్టు ప్రాంతంలో పూత మొదలై సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో కోతకొస్తుంది, సరిగ్గా అప్పుడే వాన, చలి, తేమ. గుబురు పూత లోపల బూడిద రంగు బూజు పడితే బయటకి కనపడకుండా కుళ్ళిపోతుంది, అది పట్టిన భాగం వాడకూడదు, ఊపిరితిత్తులకి హాని. ఇంట్లో పెడితే ఎర్రనల్లి బాధ. రోజూ నీళ్ళు పోయడం వల్ల చచ్చే మొక్కలే ఎక్కువ, పైమట్టి ఆరాకే నీళ్ళు పొయ్యి. ఇదంతా నీకు ఇంట్లో మిరప పెంచినప్పుడే తెలిసి ఉంటుంది.

ఇప్పుడు అన్నగా ఒక మాట. చట్టం ఒప్పుకుందని శరీరం ఒప్పుకోదు. పాతికేళ్ళ దాకా మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది, రోజూ గంజాయి తాగేవాళ్ళలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతినడం డాక్టర్లు చూస్తూనే ఉన్నారు, ఇంట్లో మానసిక జబ్బు చరిత్ర ఉంటే సైకోసిస్ (లేనివి ఉన్నట్టు భ్రమపడే జబ్బు) ముప్పు ఇంకా ఎక్కువ. పార్ట్‌టైమ్ డెలివరీ చేస్తుంటే బండి నడిపేముందు ఆలోచించు, 2024 ఆగస్టు నుంచి రక్తంలో (సీరంలో) టీహెచ్‌సీ పరిమితి మిల్లీలీటరుకి 3.5 నానోగ్రాములు, 21 ఏళ్ళ లోపు వాళ్ళకీ కొత్త లైసెన్స్ వాళ్ళకీ అసలు ఉండకూడదు. సెలవులకి ఇంటికొచ్చేటప్పుడు బ్యాగులో ఆకు ముక్క, గింజ ఏదీ రానివ్వకు. బ్యాంకాక్ నుంచి తెస్తూ శంషాబాద్‌లో పట్టుబడేవాళ్ళ వార్తలు చూస్తూనే ఉన్నావు కదా.

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి): మా వారిది హెచ్-1బి, గ్రీన్ కార్డు లైన్లో ఉన్నాం. ఇక్కడ షాపుల్లోనే అమ్ముతున్నారు, మా నైబర్ కొలరాడోలో ఉన్నప్పుడు ఇంట్లోనే పెంచానంటున్నాడు. మేం ఒక మొక్క పెడితే ఇబ్బందా?

జవాబు: రెండు కారణాలకి ఇబ్బందేనండి. షాపులో కొనడానికి అనుమతి ఉన్నంత మాత్రాన ఇంట్లో పెంచడానికి అనుమతి ఉన్నట్టు కాదు, కొలరాడోలో ఆరు మొక్కల దాకా సరే, న్యూజెర్సీలో ఒక్కటి కూడా కుదరదు. కెనడాలోనూ ఇంతే, 2018 అక్టోబర్ 17 నుంచి ఇంటికి నాలుగు మొక్కలు అన్నారు, మనిషికి కాదు ఇంటికి, క్యూబెక్ రాష్ట్రం ఒప్పుకోలేదు, 2023లో కెనడా సుప్రీంకోర్టు కూడా క్యూబెక్ వైపే తీర్పిచ్చింది.

రెండోది మీకు ఇంకా ముఖ్యం. ఇమిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం మీద, రాష్ట్రం ఏం ఒప్పుకున్నా ఫెడరల్ లెక్కలో గంజాయి నియంత్రిత పదార్థమే. కేసు పడక్కర్లేదు, ఇంటర్వ్యూలో అవును పెంచాం అని మీ నోటితో ఒప్పుకున్నా చిక్కే. సిటిజన్‌షిప్ దరఖాస్తులో కూడా రాష్ట్రం అనుమతించిన గంజాయి పని మంచి నడవడికకి అడ్డు రావొచ్చని 2019లో అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ స్పష్టంగా చెప్పింది. ఇన్నేళ్ళు లైన్లో నిలబడింది ఒక కుండీ కోసం పోగొట్టుకోకండి. కుండీతో దిగిన ఫోటో సోషల్ మీడియాలో పెట్టడం కూడా వద్దు. ఇప్పటికే ఏదైనా జరిగి ఉంటే ఫారం నింపేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, ఫారంలో అబద్ధం రాయొద్దు, అది ఇంకో పెద్ద తప్పు.

ప్రశ్న (నర్సీపట్నం దగ్గర పల్లె నుంచి): మేం విశాఖలో ఉంటాం, పొలం కౌలుకిచ్చాం. మొన్న వెళ్తే కంది సాళ్ళ మధ్యలో గంజాయి మొక్కలు కనపడ్డాయి. కౌలుదారు ఇంటి వాడకానికి అన్నాడు. చెప్తే వాడి బతుకు పోతుంది, చెప్పకపోతే మాకేమన్నా అవుతుందా?

జవాబు: అవుతుంది. ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 46 అచ్చంగా మీలాంటివాళ్ళ గురించే. భూమిలో అక్రమంగా గంజాయి పెరుగుతోందని తెలిసిన భూస్వామి వెంటనే పోలీసులకి చెప్పాలి, తెలిసీ చెప్పకపోతే శిక్ష ఉంది. మీరు చూసేశారు, కాబట్టి తెలియదు అనే మాట ఇక చెల్లదు. మీ అంతట మీరే పీకి తగలబెట్టేద్దాం అనుకోకండి, సాక్ష్యం మాయం చేశారంటారు.

మీ మనసులో బాధ అర్థమవుతోంది. పాడేరు, చింతపల్లి వైపు ఎంతమంది గిరిజన కుర్రాళ్ళు ఎవడిదో సరుకు మోసి జైళ్ళలో మగ్గుతున్నారో ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు, పెట్టుబడి పెట్టినవాడు దొరకడు, మోసినవాడు దొరుకుతాడు. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు అక్కడ వేల ఎకరాల్లో తోటలు నరికించారు. అలా అని మీరు ఊరుకుంటే ఆ కౌలుదారుకి మేలు చేసినట్టు కాదు, ఎందుకంటే ఇంటి వాడకానికి ఎవరూ సాళ్ళు సాళ్ళుగా వేయరు, వెనక ఎవడో ఉన్నాడు.

ముందు కౌలు కాగితం, పట్టాదారు పాసుపుస్తకం, మీరు విశాఖలో ఉంటున్నట్టు ఆధారం తీసుకుని ఒక క్రిమినల్ లాయర్‌ని కలవండి, కానీ రోజులు గడపొద్దు. లాయర్ ద్వారా రాతపూర్వకంగా పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి రశీదు తీసుకోండి. ఫోన్‌లో చెప్పాలంటే జాతీయ నార్కోటిక్స్ హెల్ప్‌లైన్ 1933 ఉంది. కౌలుదారుకి గంజాయి అలవాటే ఉంటే వాళ్ళ ఇంట్లోవాళ్ళకి 14446 నంబర్ ఇవ్వండి, అది మత్తు మాన్పించే హెల్ప్‌లైన్, డబ్బులు అక్కర్లేదు.