బుజ్జీ, ఆ నోట్లు డండీలోనే వదిలించుకో

బుజ్జీ,

లండన్‌లో ఉద్యోగం వచ్చిందని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషంతో నాకు కాసేపు మాట రాలేదు. మన ఇంట్లోంచి స్కాట్లాండ్‌లోని డండీ దాకా వెళ్లి బతికింది నేనొక్కదాన్నే అని ఇన్నేళ్లు గొప్పగా చెప్పుకున్నాను. నువ్వు అక్కడే చదువు ముగించి నన్ను దాటిపోతున్నావు, పో తల్లీ. ఆ తర్వాత మాటల్లో మాటగా, నువ్వు 450 పౌండ్లు క్యాష్‌గా బ్యాగులో పెట్టుకుని రాత్రి బస్సెక్కుతున్నావని కూడా చెప్పింది. టిప్పుల డబ్బు, సైకిలు అమ్మిన డబ్బు అట. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

దొంగల సంగతి నీకు చెప్పక్కర్లేదు, డబ్బు రెండు చోట్ల పెట్టుకుంటావు. గది అడ్వాన్సు మాత్రం క్యాష్‌గా ఇవ్వకు, బ్యాంకు ద్వారా పంపు, రుజువు ఉంటుంది. నా భయమల్లా ఆ నోట్ల గురించే.

డండీలో నీ చేతికి వచ్చేవి ఎక్కువగా బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్, రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్, క్లైడ్స్‌డేల్ బ్యాంకు వేసిన నోట్లు. వాటి మీది రచయితలు వాల్టర్ స్కాట్, రాబర్ట్ బర్న్స్ ముఖాలు నీకు అలవాటైపోయి ఉంటాయి. లండన్‌లో కౌంటరు దగ్గర నిలబడ్డ పిల్లకు అవి కొత్త. విలువలో తేడా ఏమీ లేదు, పౌండుకు పౌండే. ఆ బ్యాంకులు ఎంత విలువకు నోట్లు వేస్తే అంత సొమ్ము వెనక చూపించాలని చట్టం. అందుకోసమే ఒక్కోటి పది లక్షల పౌండ్ల నోట్లు, పది కోట్ల పౌండ్ల నోట్లు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో దాచి ఉంచుతారు, అవి బజారుకు రావు. ఇంత పకడ్బందీ ఉన్నా, లండన్‌లో కొట్టువాడు వద్దంటే వద్దనే.

ఇది మీ నాన్న ఒప్పుకోడు. నీకు నాలుగేళ్లప్పుడు మీరు ముగ్గురూ నా దగ్గరికి వచ్చారు కదా, నీకు గుర్తుండదు. లండన్ చూపించి, రాత్రి బస్సుకి విక్టోరియా కోచ్ స్టేషన్‌కి చేరాం. నువ్వు పాలు కావాలని ఏడుపు. పక్కనే ఉన్న ఒక దుకాణంలోకి వెళ్లాం. మీ నాన్న పాలు, బిస్కట్లు తీసుకుని, నేనిచ్చిన స్కాట్లాండ్ ఇరవై పౌండ్ల నోటు ఇచ్చాడు. ఆ అమ్మాయి దాన్ని వెలుగుకి పట్టి చూసింది, తిప్పి చూసింది, మేనేజరును పిలిచింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. అంతే, మీ నాన్నకు రోషం వచ్చింది. "దొంగ నోటు అనుకుంటున్నారా? ఇది లీగల్ టెండర్, తీసుకోకపోతే నేరం, పోలీసుల్ని పిలవండి" అని గొంతు పెంచాడు. వెనక లైనులో పదిమంది. వాళ్లందరూ మనల్నే చూస్తున్నారు. మీ అమ్మ నిన్ను నా చేతికిచ్చి ఆయన చొక్కా పట్టుకుని లాగుతోంది. వాళ్లెవరూ దొంగ నోటు అన్న మాట అనలేదు బుజ్జీ, కానీ నల్లటి చేయి చాచిన నోటును వెలుగుకి పట్టి చూస్తే మనకు అదే వినబడుతుంది. చివరికి పాలు అక్కడే పెట్టేసి వచ్చేశాం.

రెండు కొట్లు దాటాక పేపర్లు అమ్మే ముసలాయన అదే నోటు చూడకుండానే సొరుగులో వేసుకుని చిల్లర ఇచ్చాడు. నువ్వు పాలు తాగి నిద్రపోయావు. మీ నాన్న డండీ వచ్చేదాకా మాట్లాడలేదు.

ఆయన పొరపాటంతా ఆ లీగల్ టెండర్ అన్న మాటలోనే ఉంది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోటుకు కూడా ఆ హోదా ఇంగ్లండ్, వేల్స్‌లోనే. స్కాట్లాండ్ నోటుకైతే స్కాట్లాండ్‌లో కూడా లేదు. అసలు అది బాకీ తీర్చేటప్పుడు కోర్టులో పనికొచ్చే సంగతి. కొట్టులో ఏది తీసుకోవాలో కొట్టువాడి ఇష్టం. హనుమకొండలో పది రూపాయల నాణెం తీసుకోనన్న కిరాణా వాళ్లతో మీ నాన్న ఇప్పటికీ పోట్లాడతాడు, అక్కడ న్యాయం ఆయన వైపే ఉంది. పద్నాలుగు రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది. ఆ కోపం లండన్‌లో పనికిరాదు. ఎవరైనా వద్దంటే "సరే" అని కార్డు తియ్యి. వాళ్లు నీ గురించి ఏమీ అనలేదు.

మీ తాతయ్యకు ఈ గొడవ కొత్త కాదు. నిజాం కాలంలో వరంగల్ నుంచి బెజవాడ వెళ్లాలంటే నిజాం రూపాయలు, అంటే హాలీ సిక్కా, ఇచ్చి బ్రిటిష్ వాళ్ల రూపాయలు, అంటే కల్దారు, తీసుకోవాలి, ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు. బయలుదేరే ముందే సావుకారు దగ్గర మార్చుకునేవాళ్లమని చెప్పేవాడు. నీకు ఆ నష్టం కూడా లేదు, కాస్త ఓపిక ఉంటే చాలు.

బయలుదేరే ముందు ఆ 450 పౌండ్లూ నీ ఖాతాలో వేసెయ్. బ్రాంచి దూరమైతే కార్డు తీసుకుని పోస్టాఫీసుకు వెళ్లు. లండన్‌లో దిగాక ఏటీఎంలో నలభై యాభై తీసుకుంటే అవి ఇంగ్లండ్ నోట్లే వస్తాయి. వంద పౌండ్ల నోటు ఎవరైనా అంటగట్టబోతే తీసుకోకు, దాన్ని మార్చడం డండీలోనే కష్టం. లండన్ సిటీ బస్సుల్లో 2014 నుంచి క్యాష్ తీసుకోవడం లేదు, కాబట్టి అర్ధరాత్రి చేతిలో ఎంత డబ్బున్నా బస్సెక్కలేవు. ఫోన్ చార్జింగు, కార్డు, ఈ రెండూ నోట్లకంటే ముఖ్యం. నువ్వు ఒంటరిగా ఆ కోచ్ స్టేషన్ బయట నిలబడి ఉండటం తలుచుకుంటేనే నాకు చేతులు చల్లబడుతున్నాయి.

మీ నాన్నకి ఈ ఉత్తరం చూపించకు. ఆ రాత్రి గుర్తు చేస్తే ఇప్పటికీ ముఖం మాడ్చుకుంటాడు, నేను మళ్లీ బతిమాలాలి. బస్సు ఎన్నింటికి చేరుతుందో మెసేజ్ పెట్టు. డబ్బు వేసిన రసీదు కూడా ఫోటో తీసి పంపు, నాకు చూడాలని ఉంది.

మీ అత్త