ప్రభువునందు నిద్రించిన అమ్మమ్మ: కార్డులో ఏం రాయాలి?

సందేహం: మా అమ్మమ్మ పోయిన నెల చనిపోయారు. లూథరన్ సంఘంలో పుట్టి పెరిగిన మనిషి. ఆదరణ కూడికకు కార్డు వేయిస్తున్నాం. "ప్రభువునందు నిద్రించిరి" అని రాసిస్తే, ప్రెస్సు ఆయన "నిద్రపోతే మళ్ళీ లేస్తారు కదండీ, స్వర్గస్తులైనారు అని వేద్దాం" అన్నారు. ఏది సరైనది? ఇంకో చిక్కు కూడా ఉంది. అమ్మమ్మ ఉద్యోగం చేయలేదు. ఇల్లు, పిల్లలు, చర్చి, ఊళ్ళోవాళ్ళ అవసరాలు, ఇంతే ఆమె లోకం. స్త్రీల సమాజంలో ఉండేవారు. బాప్తిస్మానికి తెచ్చే పసిపిల్లలకు తెల్లగౌన్లు కుట్టేవారు. చదువు రాని ఆడవాళ్ళకు ఉత్తరాలు, పింఛను అర్జీలు రాసేవారు. 1977 ఉప్పెనప్పుడు ఇళ్ళు పోయి వచ్చినవాళ్ళకు రోజుల తరబడి వండిపెట్టారట. దీన్ని సేవ అనాలా, పరిచర్య అనాలా, "వాలంటీర్" అనాలా? మా కజిన్ "సేవాతత్పరురాలు" అని రాయమంటున్నాడు.
(ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా)

సమాధానం: ఇంటికి పెద్దదిక్కును పోగొట్టుకున్నారు. మీకూ మీ కుటుంబానికీ నా సానుభూతి.

"ప్రభువునందు నిద్రించారు" అనేది మంచి తెలుగు. ప్రెస్సు ఆయన అడిగిన ప్రశ్నలోనే జవాబుంది. నిద్రపోయినవాళ్ళు లేస్తారు కాబట్టే ఆ మాట వాడతారు. లాజరు చనిపోయినప్పుడు అతను నిద్రిస్తున్నాడనీ, మేలుకొలపడానికి వెళ్తున్నాననీ యేసు చెప్పినట్టు యోహాను సువార్తలో ఉంది. పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన మొదటి పత్రికలోనూ కన్నుమూసిన విశ్వాసులు "నిద్రించుచున్నవారే". పునరుత్థానం మీద, అంటే చనిపోయినవాళ్ళు మళ్ళీ లేస్తారన్న దాని మీద మీ అమ్మమ్మగారికి ఉన్న నమ్మకమంతా ఆ ఒక్క క్రియలో ఉంది. దాన్ని తీసేసి ఇంకొకటి పెడితే ఆమె విశ్వాసాన్ని కార్డులోంచి తీసేసినట్టే. చర్చికి వెళ్ళనివాళ్ళకు కూడా ఇది అంత కొత్త మాటేమీ కాదు, పేపర్లు రోజూ రాసే "కన్నుమూశారు"లో ఉన్నదీ నిద్రే.

మార్చవలసింది చివరి "ఇరి" ఒక్కటే. "నిద్రించిరి" గ్రాంథికం. సంఘాల్లో ఎక్కువగా చదివే పాత తెలుగు బైబిలు గ్రాంథికంలో ఉంది కాబట్టి ఆ రూపాలు సంఘంలో నిలిచిపోయాయి. గిడుగు రామమూర్తి పంతులుగారి వాడుకభాషా ఉద్యమం తరవాత పత్రికల భాష మారిపోయినా ఆరాధన భాష అంతగా మారలేదు. బైబిలు వాక్యాన్ని ఎత్తిరాసేటప్పుడు ఉన్నదున్నట్టు రాయండి. మీ సొంత మాటల్లో మాత్రం "నిద్రించారు" అనండి. పైన "నిద్రించిరి", కింద "భోజన ఏర్పాట్లు ఉన్నాయి" అని ఉంటే రెండు కాలాలవాళ్ళు కలిసి రాసినట్టుంటుంది.

"స్వర్గస్తులు" అనే మాటే తప్పు. అది స్వర్గస్థులు. "స్థ" అంటే ఉన్నవాడు అని అర్థం. గృహస్థు, తటస్థుడు ఇలా వచ్చినవే. వత్తు సరిచేసినా ఈ మాట మీ అమ్మమ్మగారికి నప్పదు. స్వర్గం పుణ్యం ఉన్నన్నాళ్ళే ఉండే చోటనీ, అది తరిగాక మళ్ళీ మర్త్యలోకానికి రావాల్సిందేననీ భగవద్గీత తొమ్మిదో అధ్యాయం చెబుతుంది. సంఘంలో వాడే మాట పరలోకం. పరమపదించారు, శివైక్యం చెందారు అనేవి వైష్ణవ, శైవ సంప్రదాయాల మాటలు. ఎవరి నమ్మకానికి తగిన మాట వాళ్ళకుంది, అది మన భాషకున్న సంపద. పేరు ముందు మాత్రం "కీ.శే." నిస్సందేహంగా వేసుకోవచ్చు. కీర్తి మాత్రమే శేషంగా మిగిలినవారు అని దాని అర్థం, అందులో ఏ మతమూ లేదు.

"ఆదరణ కూడిక" అని బాగా రాశారు. ఎవరైనా "సంస్మరణ సభ" అని దిద్దబోతే ఒప్పుకోకండి. మామూలు వాడుకలో ఆదరణ అంటే ఆప్యాయత, మన్నన. సినిమాలకు ప్రేక్షకాదరణ అంటాం. తెలుగు బైబిలులో అది ఓదార్పు. పరిశుద్ధాత్మను "ఆదరణకర్త" అన్నది అందుకే. సంస్మరణ సభ పోయినవారి గురించి జరిగేది. ఆదరణ కూడిక మిగిలినవాళ్ళ కోసం జరిగేది.

ఇక ఆమె చేసిన పని సంగతి. సంఘంలో "సేవ", "పరిచర్య" చాలావరకు వాక్యోపదేశానికి, కాపరి పనికి స్థిరపడిపోయాయి. "ఆయన సేవలో ఉన్నారు" అంటే పాస్టరుగారని అర్థం. కాబట్టి "సేవకురాలు" అని రాస్తే ఆమె ప్రసంగాలు చేసేవారనుకునే అవకాశం ఉంది. "వాలంటీర్" అసలే వద్దు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు ఐదు వేల గౌరవ వేతనంతో గ్రామ వాలంటీర్లను పెట్టాక, మీ జిల్లాలో ఆ మాట వినగానే పింఛను డబ్బు ఇంటికి తెచ్చి ఇచ్చిన కుర్రాళ్ళే గుర్తొస్తారు. "స్వచ్ఛంద సేవ"లో తప్పు లేదు గానీ అది సంస్థల రిపోర్టుల్లో అరిగిపోయిన మాట. "సేవాతత్పరురాలు" అంతకన్నా అన్యాయం. ఆ మాట ఏ కార్డు మీదైనా అతుకుతుంది, అది చదివి ఎవరికీ మీ అమ్మమ్మ కనిపించరు.

మీకు కావలసిన మాట మీ ఉత్తరంలోనే ఉంది. మీకు తెలియకుండానే "వండిపెట్టారట" అని రాశారు. తెలుగు క్రియకు ఉన్న ఈ శక్తిని మనం పెద్దగా గమనించం. కుట్టుకుంది అంటే తనకోసం. కుట్టింది అంటే ఎవరికోసమో తెలియదు. కుట్టిపెట్టింది అనగానే ఎదుట ఇంకో మనిషి ఉన్నాడు, ఆ మనిషికి ఒక అవసరం ఉంది. దర్జీకి డబ్బులిచ్చి జాకెట్టు కుట్టించుకుంటే "కుట్టాడు" అంటాం. పండగ ముందురోజు రాత్రి బతిమాలితే, ఉన్న పని పక్కనపెట్టి పూర్తిచేశాడనుకోండి, "పాపం, కుట్టిపెట్టాడు" అంటాం. కూలి ముట్టినా సరే, కూలికి మించి ఏదో ఇచ్చాడని ఆ "పెట్టు" ఒప్పుకుంటుంది. చేసిపెట్టడం, రాసిపెట్టడం, చూసిపెట్టడం, ఇవన్నీ ఇంకొకరి బరువు తన మీద వేసుకున్న పనులే. స్వచ్ఛందం, నిస్వార్థం అని విడిగా చెప్పనక్కర్లేదు.

అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలో యొప్పేలోని తబితా కథ మీకు తెలిసే ఉంటుంది. దొర్కా అన్నదీ ఆమెనే. ఆమె చనిపోయినప్పుడు యేసు శిష్యుడు పేతురు వస్తే, అక్కడి విధవరాండ్రు ఆమె గుణగణాల మీద ఉపన్యాసం చెప్పలేదు. ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను, వస్త్రాలను చూపిస్తూ ఏడ్చారు. నాకు తెలిసినంతలో ఒక మనిషిని తలుచుకోవడానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. మీరూ అలాగే చూపించండి:

"ఉప్పెన ఏడాది ఇల్లూ వాకిలీ పోయి వచ్చినవాళ్ళకు వండిపెట్టారు. చదువు రానివాళ్ళకు ఉత్తరాలు, అర్జీలు రాసిపెట్టారు. మన సంఘంలో బాప్తిస్మం పొందిన ఎందరో పసిపిల్లలకు తెల్లగౌన్లు కుట్టిపెట్టారు."

ఆమెను పొగిడే విశేషణం ఒక్కటి కూడా లేదు చూడండి. మీరు ఒక్క మాట అడిగారు, నేను మూడు వాక్యాలు రాశాను. కార్డులో చోటు చాలకపోతే ఆహ్వానంలోని లాంఛనాల మాటలు తగ్గించండి, వీటిని తగ్గించకండి.

మీరు అడగలేదు గానీ ఒక్కమాట. కార్డు బయటివాళ్ళకు వెళ్తుంది కాబట్టి "గారు", "చేశారు" ఉండాలి. కూడికలో మీరు లేచి మాట్లాడేటప్పుడు మాత్రం ఇంట్లో ఎలా పిలిచారో అలాగే "మా అమ్మమ్మ చేసింది, చెప్పింది" అనండి. మనవరాలి నోట అది అమర్యాద కాదు. ఒకే ప్రసంగంలో కాసేపు "చెప్పింది", కాసేపు "చెప్పారు" అనకుండా చూసుకుంటే చాలు.