చెత్త డబ్బా పక్కన వదిలేసిన సామాను తెచ్చుకుంటే దొంగతనమా?

ప్రశ్న: హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. సెల్లార్‌లో చెత్త డబ్బాల పక్కన ఎవరో పాత కుర్చీ, చిన్న చెక్క బీరువా వదిలేస్తే పట్టపగలే వాచ్‌మన్ సాయంతో ఇంటికి తెచ్చుకున్నాను. తుడుస్తుంటే సొరుగు మూలలో బంగారు ఉంగరం కనిపించింది. ఈలోగా అసోసియేషన్ సెక్రటరీ గారు దొంగతనం కేసు పెడతానంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఉంగరం సంగతి చూడండి. అసలు చిక్కు దానితోనే. బీరువా వద్దనుకున్నవాళ్లు లోపలి బంగారం కూడా వద్దనుకున్నారంటే ఎవరూ నమ్మరు. అది పారేసింది కాదు, మరిచిపోయింది. ఎవరిదో తెలిసినా, వాకబు చేస్తే తెలిసే వీలున్నా, దాన్ని సొంతం చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరం. శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఈమధ్య ఎవరు ఖాళీ చేశారో వాచ్‌మన్‌ను అడగండి. వాట్సాప్ గ్రూపులో 'బీరువాలో ఒక వస్తువు దొరికింది, గుర్తులు చెప్పి తీసుకెళ్లండి' అని ఈరోజే పెట్టండి. ఫొటో మాత్రం వద్దు, గుర్తులు వాళ్లే చెప్పాలి. ఎవరూ రాకపోతే పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి.

ఇక కుర్చీ, బీరువా. దొంగతనం (303వ సెక్షన్) కావాలంటే వస్తువు ఇంకొకరి స్వాధీనంలో ఉండాలి, వాళ్ల అనుమతి లేకుండా దుర్బుద్ధితో తీసుకోవాలి. వద్దని రోడ్డు పక్క డబ్బాలో పడేసిన దానికి ఈ లెక్క కుదరదు. సెల్లార్ సంగతి కొంచెం వేరు. చాలా అసోసియేషన్లు పాత సామాను పోగేసి అమ్మి, ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో కలుపుతాయి. మీ దగ్గరా అంతే అయితే అది వాళ్ల స్వాధీనంలో ఉన్నట్టే. అయినా పారేశారనుకుని అందరి ముందే తెచ్చుకున్న మీకు దుర్బుద్ధి అంటగట్టడం కష్టం. పైగా విలువ 5,000 రూపాయల లోపైతే మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు.

అందుకని భయపడకండి, పంతానికీ పోకండి. 'పారేశారనుకుని తెచ్చుకున్నాను, కావాలంటే తిరిగి ఇచ్చేస్తాను' అని సెక్రటరీ గారికి మెసేజ్ పెట్టండి, అది రేపు మీకు సాక్ష్యంగా పనికొస్తుంది. మీ సెల్లార్‌లో సీసాలు, అట్టపెట్టెలు ఏరుకునే ఆవిడను కూడా ఇలాగే బెదిరిస్తుంటే ఈ మాటలే ఆమెకూ చెప్పండి. ఆమెకు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. తప్పు ఒప్పుకున్నట్టు రాసిన కాగితం మీద మాత్రం మీరు గానీ, ఆమె గానీ సంతకం పెట్టొద్దు.