స్టాంపుల సెట్టు తర్వాత కొనొచ్చు, ముందు స్పాంజి పట్టుకోండి

"చేత్తో గ్రీటింగ్ కార్డులు చేయడం మొదలుపెట్టాలనుంది. ఇంక్ స్పాంజింగ్ (స్పాంజితో రంగు అద్దడం), స్టాంపింగ్ (రబ్బరు స్టాంపుతో బొమ్మ ముద్ర వేయడం) రెండూ నేర్చుకోవాలి. చెన్నైలో ఉంటాను. మొదట ఏ స్టాంపుల సెట్టు కొంటే మంచిది?" అని అడిగారు.

ఏ సెట్టూ కొనకండి. కనీసం మూడు నెలలు ఆగండి.

నేనూ చెన్నైలోనే, పదకొండేళ్లుగా పెరంబూరులో మా భోజనాల బల్ల మీద కార్డులు చేస్తున్నాను. మా చుట్టాల్లో నా కార్డు అందని ఇల్లు లేదు. ఇన్నేళ్లలో నాకు గట్టిగా తెలిసొచ్చింది ఒక్కటే, కార్డుని నిలబెట్టేది స్పాంజి. స్టాంపు వేసేటప్పుడు చెయ్యి కాస్త కదిలిందంటే ఆ కాగితం పోయినట్టే. స్పాంజితో వేసిన రంగు అలా కాదు, తేడా వచ్చినా చాలావరకు ఇంకో పూత అద్ది కలిపేసుకోవచ్చు. అందరూ స్టాంపు దగ్గరే మొదలుపెడతారు, పది కార్డులు పాడవగానే డబ్బా అటక ఎక్కిస్తారు. మా అపార్ట్‌మెంట్‌లోనే ముగ్గురున్నారు అలాంటివాళ్లు.

ఆరేళ్ల కిందట మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా మామగారికి డెబ్బై నిండి భీమరథ శాంతి చేస్తున్నాం. వచ్చినవాళ్లకి తాంబూలంతో పాటు ఒక్కొక్కరికీ పేరు రాసిన కార్డు ఇవ్వాలని నాకు కోరిక. మొత్తం నలభై అయిదు. నీలం పిగ్మెంట్ ఇంక్‌తో పెద్ద తామరపువ్వు స్టాంపు, దాని కింద పేరు. మామూలుగా వాడే ఐవరీ అనే మందపాటి కాగితం సరిపడా దొరక్క, కొట్టువాడు "ఇదీ ఐవరీయే మేడమ్, ఇంకా బాగుంటుంది" అంటే నమ్మి నున్నగా మెరుస్తున్న అట్ట తెచ్చాను. నవంబరు నెల. చెన్నైలో ఏడాదికి పడే వానలో ఎక్కువ భాగం అక్టోబరు, డిసెంబరు మధ్యలోనే పడుతుంది కదా, ఆ వారమంతా ఒకటే ముసురు. తలుపులు ఉబ్బి మూసుకోవడం లేదు, ఉప్పు డబ్బాలో ఉప్పు ముద్దయిపోయింది. అలాంటి రాత్రి నలభై అయిదు పువ్వులూ వేసి, కాసేపు ఫ్యాను కింద పెట్టి, ఒకదాని మీద ఒకటి దొంతరగా పేర్చి పడుకున్నాను.

పొద్దున తీసి చూస్తే ప్రతి అట్ట వెనకాలా కింది పువ్వు నీడలా అంటుకుని ఉంది. వెనక మరకలకి భయం లేదు, ఎలాగూ వేరే మడత అట్ట మీద అతికించేదే. కానీ పదిహేడింటికి ముందు వైపే రేకులు చెదిరి, నీలం పక్కకి పాకింది. మర్నాడే ఫంక్షను. వంటవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు, పూలవాడు ఇంకా ఖాయం కాలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

మా మామగారు కాఫీ గ్లాసుతో వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. ఆయన షావుకారుపేటలో ఒక చిన్న తెలుగు ప్రెస్సులో పద్దెనిమిదేళ్లు కంపోజిటర్‌గా చేసిన మనిషి. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, వరసలు పేర్చిన వేళ్లు ఆయనవి. ఒక అట్ట తీసి మూలన వేలితో తాకారు. వేలికి నీలం అంటింది.

"అమ్మాయ్, ఇది ఇంకా పచ్చిగానే ఉంది. పచ్చిగా ఉన్నంతసేపూ మనకి టైమున్నట్టే" అన్నారు.

ఆ మాటతో నా బుర్ర పనిచేసింది. డై ఇంక్ కాగితంలోకి ఇంకిపోయి ఆరుతుంది. పిగ్మెంట్ ఇంక్‌లో రంగు సన్నటి రేణువులుగా ఉంటుంది, కాగితం పైనే కూర్చుంటుంది. పూత వేసిన నున్నటి అట్ట దాన్ని పీల్చుకోదు. పైగా వాన. ఆరదు గాక ఆరదు. నాలుగు నిమిషాల్లో ఆరుతుందని ఎక్కడో చలిదేశంలో, పొడిగాలిలో కూర్చుని వీడియో తీసినవాళ్లు చెప్తారు. వాళ్ల ఊరికి అది నిజమే అయ్యుండొచ్చు. మన ఊళ్లో నవంబరులో ఆ లెక్క నమ్మకండి. ఆ వీడియోలు అరగంట పనిని నలభై సెకన్లకి కుదించి చూపిస్తాయి, ఆగాల్సిన చోటంతా కత్తిరించేస్తారు. కొత్తవాళ్ల చేత కాగితాలు పాడు చేయించేది సగం అదే.

సరే, ఇంక్ పచ్చిగా ఉంటే ఎంబాసింగ్ పౌడర్ పట్టుకుంటుంది. తడి ఇంక్ మీద చల్లి వేడి చేస్తే కరిగి, మెరిసే ఉబ్బెత్తు పూతగా మారే పొడి అది. నా దగ్గర చిన్న సీసాడు రంగు లేని పౌడర్ ఉంది. ముందు చెదిరిన మరకలు తుడవాలి, లేకపోతే మరకకీ పౌడర్ అంటుకుని అదీ మెరుస్తుంది. మామగారు అగ్గిపుల్లకి దూది చుట్టి, నీళ్లలో ముంచి పిండి, రేకు అంచు వెంట ఒక్కొక్క మరకా తీశారు. కొంప ముంచిన ఆ నున్నటి అట్టే ఇక్కడ మమ్మల్ని కాపాడింది. మామూలు కాగితమైతే రంగు లోపలికి పోయి ఉండేది, తుడిస్తే నూగు లేచేది. ఇక్కడ పల్చటి నీలం మసక మాత్రం మిగిలింది.

పౌడర్ చల్లి, మిగిలింది మడిచిన కాగితం మీదకి దులిపి మళ్లీ సీసాలో పోసుకుంటూ పోయాం. అందుకే ఒక్క సీసా అన్నిటికీ సరిపోయింది. దాన్ని కరిగించడానికి వాడే హీట్ గన్, అంటే బాగా వేడిగాలి వదిలే పరికరం, అప్పటికి నా దగ్గర లేదు. హెయిర్ డ్రయ్యర్ పెట్టి చూశాను. దాని గాలికి పౌడర్ ఎగిరిపోయింది తప్ప కరగలేదు. దానికి గాలి ఎక్కువ, వేడి తక్కువ. అప్పుడు దోసెల పెనం స్టవ్ మీద బాగా కాలనిచ్చి, పట్టకారుతో అట్టని పెనానికి రెండంగుళాల ఎత్తున పట్టుకున్నాను. ఓ పది సెకన్లు ఏమీ కాలేదు. తర్వాత ఒక రేకు చివర పంచదార పాకంలోకి దిగినట్టు కరిగి నిగనిగలాడింది, చూస్తుండగానే ఆ మెరుపు రేకు నుంచి రేకుకి పాకిపోయింది. మా అత్తగారు పూజగది నుంచి వచ్చి "ఏదీ, ఇంకోటి చెయ్యి" అని పక్కనే నిలబడిపోయారు.

ఇక ఆ మసక. దాన్ని దాచింది స్పాంజి. మేకప్ వేసుకునే ముక్కోణపు స్పాంజితో లేత నీలం డై ఇంక్ తీసుకుని పువ్వు చుట్టూ, పువ్వు మీదగా కూడా తిప్పుతూ అద్దాను. కరిగిన పౌడర్ మీద రంగు పట్టదు, పైనే నిలబడుతుంది, మెత్తటి గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. పువ్వు గీతలు చెక్కుచెదరకుండా, వాటి వెనక చెరువు నీళ్లలాంటి నీలం. మసక ఎక్కడుందో నాకే తెలియలేదు. పదిహేడు బాగుపడ్డాక, మిగతా ఇరవై ఎనిమిదీ వాటి పక్కన బోసిగా కనిపించాయి. వాటికీ అద్దాను. ఆ రోజు స్టాంపు చేసిన తప్పుని స్పాంజి దిద్దింది. స్పాంజి చేసిన తప్పుని స్టాంపు దిద్దడం నేను ఈ పదకొండేళ్లలో చూడలేదు.

కాబట్టి ముందు స్పాంజింగ్ నేర్చుకోండి. ఎలాగంటారా? స్పాంజిని ఇంక్ ప్యాడ్ మీద తేలిగ్గా తట్టి, నేరుగా కార్డు మీదకి వెళ్లకండి. ముందు చిత్తు కాగితం మీద రెండు మూడుసార్లు అద్దండి. తర్వాత కార్డు బయట, బల్ల మీదే తిప్పడం మొదలుపెట్టి, అలాగే తిప్పుతూ అంచు దాటి లోపలికి రండి. కాగితం మధ్యలో మొదటి అడుగు వేశారో, అక్కడ ముద్ర పడిపోతుంది, ఎన్ని పూతలేసినా పోదు. చెయ్యి తేలిగ్గా ఉండాలి, చంటిపిల్లకి పౌడర్ అద్దినట్టు. గిన్నెలు తోమే స్పాంజి కూడా పనికొస్తుంది కానీ రంధ్రాలు పెద్దవి కాబట్టి రంగు ఇసకలా పడుతుంది, నేల వేయాలంటే అది బాగుంటుంది. కింద పరుచుకోవడానికి న్యూస్‌పేపర్ వద్దు, దాని నలుపు కార్డుకి అంటుకుంటుంది. పాత క్యాలెండర్ షీటు తిరగేసి వేసుకోండి.

రంగుల్లో లేతది ముందు. సాయంత్రపు ఆకాశం వేస్తున్నారనుకోండి, పసుపు, నారింజ, గులాబీ, ఆ తర్వాత ఊదా. నారింజ మీదకి నేరుగా నీలం తెస్తే బురద రంగు వస్తుంది, మధ్యలో గులాబీని పెడితే రాదు. ఒక్కో రంగుకి ఒక్కో స్పాంజి ముక్క ఉంచుకోండి. చందమామ కావాలంటే గాజు పెట్టి గుండ్రంగా గీసి, అంటించుకునే చిన్న చీటీలోంచి కత్తిరించి, జిగురున్న వైపు ఆ గుండ్రంలోకి వచ్చేలా చూసుకుని కార్డు మీద అంటించండి. రంగులన్నీ అద్దాక పీకేస్తే తెల్లటి చందమామ మిగులుతుంది. కొండలు కావాలంటే అదే చీటీని చేత్తో చింపండి, కత్తెర పెడితే అంచు మరీ తిన్నగా వస్తుంది.

ఈ అద్దడం ఏదో పిల్లల పని అని తీసిపారేసేవాళ్లుంటారు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన అమ్మకానికి వేయించిన మొదటి క్రిస్మస్ కార్డులకి కూడా గీతలే అచ్చు, రంగులు చేత్తో వేసినవే. క్రిస్మస్ కార్డు పుట్టిందే అలా.

కాగితం ఆండర్సన్ స్ట్రీట్‌లో కొనండి. పెళ్లికార్డుల కొట్లున్న వీధి, కాగితానికి అంతకంటే మంచి చోటు ఈ ఊళ్లో నాకు తెలియదు. 250 నుంచి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుందో చెప్పే లెక్క), పూత లేనిది అని గట్టిగా అడగండి. అనుమానంగా ఉంటే మూలన ఒక్క నీటిచుక్క వేసి చూడండి. ఇంకితే తీసుకోండి, ముత్యంలా నిలబడితే వద్దు. ఏ4 షీటుని అడ్డంగా సగం కోసి, ఒక్కో సగాన్ని మడిస్తే రెండు కార్డులొస్తాయి, సీ6 కవరులో చక్కగా పడతాయి. మడిచే ముందు వేలితో రెండు వైపులా వంచి చూడండి. ఎటు తేలిగ్గా వంగుతుందో అటే మడత పెట్టాలి, లేదంటే మడత మీద కాగితం పగిలి తెల్లగా కనిపిస్తుంది.

స్టాంపుల గురించి అడిగారు కాబట్టి నా మనసులో ఉన్నది చెప్పేస్తాను. ఏ సెట్టు విప్పి చూసినా హ్యాపీ బర్త్‌డే, థాంక్యూ, మిస్ యూ. తెలుగు అక్షరాలతో మంచి స్టాంపు కొందామంటే నాకు ఒక్కటీ దొరకలేదు. 1914 నుంచి ఆంధ్రపత్రిక అచ్చయిన ఊరు ఇది, 1947లో చందమామ మొదలైన ఊరు. అలాంటి ఊళ్లో మా అత్తగారికి తెలుగులో శుభాకాంక్షలు చెప్పే రబ్బరు ముక్క లేకపోతే నాకు బాధ కలగదా? ఒకసారి ఆఫీసు సీళ్లు చేసే కొట్లో "జన్మదిన శుభాకాంక్షలు" అని చేయించుకున్నాను. వాళ్ల కంప్యూటర్‌లో క్ష విడిపోయి, క పక్కన పొల్లు, ఆ పక్కన ష వచ్చాయి. ఎవరూ గమనించలేదు, అలాగే చేసిచ్చారు. రెండోసారి నేనే నల్ల పెన్నుతో రాసి, ఫొటో తీసి ఇచ్చాను. అక్షరాలు సరిగ్గా వచ్చాయి కానీ మరీ చిన్నవి, ఇంక్ వేయగానే సున్నా పూడిపోయింది, అక్షరాల లోపలి ఖాళీలు ఎటు పోయాయో తెలియదు. మన లిపికి గుండ్రాలెక్కువ, లోపల ఖాళీ కావాలి. అక్షరం కనీసం సెంటీమీటరు ఎత్తుండేలా చేయించుకోండి. పొడుగు మాటలు స్టాంపుగా వద్దు, పెన్నుతో రాసుకోండి.

ఆ ఫంక్షను ముందురోజు సాయంత్రం కార్డుల మీద ఏ మాటా లేదని నేను సణుగుతుంటే, మామగారు మా అబ్బాయి పెన్సిల్ బాక్సులోంచి కొత్త రబ్బరు తీశారు. ట్రేసింగ్ కాగితం ఇస్తానన్నాను. "ఎందుకమ్మా" అని నేరుగా రబ్బరు మీదే పెన్సిల్‌తో తిరగేసి రాశారు, కుడి నుంచి ఎడమకి, మనం ఉత్తరం రాసినంత సులువుగా. శ కొమ్ము అటు తిరిగి, భ ఒత్తు ఇటు తిరిగి, చివర సున్నా. పద్దెనిమిదేళ్లు తిరగేసిన అక్షరాలే చదివిన కళ్లు కదా. బ్లేడుతో చుట్టూ చెక్కడానికి గంట పట్టింది. ప్యాడ్ మీద అద్ది చిత్తు కాగితం మీద నొక్కితే "శుభం" అని పడింది. సున్నా లోపల తెలుపు తెలుపుగానే ఉంది.

ఆ రబ్బరు ఇప్పటికీ నా డబ్బాలో ఉంది. ఒక మూల చీలింది, నీలం బాగా ఇంకిపోయి అసలు రంగు కనిపించదు. పోయిన సంక్రాంతికి ముప్ఫై కార్డుల మీద దాన్నే వేశాను.