డిస్క్ కనబడగానే ముందు కాపీ చేసుకో

పెదవాల్తేరు,
విశాఖపట్నం

అమ్మలూ,

ఈ ఆదివారం కంప్యూటర్ నువ్వే విప్పుతావట కదా. హార్డ్‌డిస్క్ పెట్టే బే పాడైందని నీ అనుమానమట. మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మెకానిక్ కోసం కాచుక్కూర్చోకుండా స్క్రూడ్రైవర్ పట్టుకునే పిల్ల మనింట్లో ఉందంటే నాకు గొప్పగానే ఉంది. కానీ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచీ మనసు మనసులో లేదు. అందుకే ఈ ఉత్తరం. సగం చదివి పక్కన పడేయకు.

బే అంటే ఉత్త ఇనప గూడు. అందులో కరెంటు లేదు, చిప్ లేదు, ఇక పాడవడానికేముంది? సర్వర్లలో డిస్కు ట్రేతో సహా ముందునుంచి లాగేసే ఏర్పాటుంటుంది. దాని వెనక చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది కాబట్టి అదైతే పోవచ్చు. నీది మామూలు క్యాబినెట్. ఆ బేలో పెడితే డిస్క్ కనబడటం లేదంటే, అక్కడిదాకా వచ్చే డేటా కేబులో, పవర్ కేబులో, మదర్‌బోర్డు మీద ఆ డేటా కేబుల్ గుచ్చే సాటా పోర్టో, లేకపోతే అసలు డిస్కో పాడై ఉండాలి. ఏదో తేల్చుకోవచ్చు, కానీ ఆ తొందరే నాకు భయం. మీ నాన్న పోలికే కదా నీది.

2014 అక్టోబర్లో హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. వచ్చాక కూడా వోల్టేజీ సరిగ్గా నిలవలేదు. అప్పుడు మొదలైంది, మీ నాన్న కంప్యూటర్లో రెండో డిస్క్ ఒకసారి కనబడటం, ఒకసారి మాయమవడం. ఆయన దాన్ని పై గూట్లోంచి కింద గూట్లోకి మార్చాడు. కనబడింది. "అక్కా, బేలోనే ఉంది లోపం, పట్టేశాను" అని నాకు ఫోన్. గూడుతో పాటు కేబులూ పోర్టూ కూడా మారాయన్న ధ్యాస లేదు. సరే, కనబడింది కదా, వెంటనే కాపీ తీసుకున్నాడా? లేదు. పాటలు పెట్టుకుని విన్నాడు. మళ్లీ మాయమైతే మళ్లీ లాగి దోపాడు, కనబడితే మళ్లీ సంబరం. కొన్నాళ్లు ఇదే తంతు. ఒక రాత్రి విండోస్ డిస్క్ చెక్ చేయమంటావా అని అడిగితే సరేనని నొక్కి పడుకున్నాడు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ని రాత్రంతా వెతికిస్తే ఏమవుతుంది? తెల్లారేసరికి లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. అంతే. రికవరీకి వాళ్లు చెప్పిన డబ్బు అప్పట్లో మా వల్ల కాలేదు. మీ తాతయ్య షష్టిపూర్తి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. ప్రింట్ వేయించిన నాలుగైదు మాత్రం మీ నానమ్మ బీరువాలో ఉన్నాయి, వచ్చినప్పుడు చూపిస్తాను. ఆ సంగతి మీ నాన్న దగ్గర మాత్రం ఎత్తకు.

కాబట్టి డిస్క్ ఒక్కసారి కనబడిందా, రోగం తర్వాత, కాపీ ముందు. ఫోటోలు, సర్టిఫికెట్లు మొదట, సినిమాలు ఆఖర్న. "ఇనీషియలైజ్", "ఫార్మాట్" అని అడిగితే క్యాన్సిల్ నొక్కు. టిక్కు టిక్కుమంటే వెంటనే ఆపేసి నాకు ఫోన్ చెయ్యి.

ఇక కరెంటు. మీ పోర్షన్లో ఎర్తింగ్ సరిగా లేదు. క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి చిమచిమలాడటం నేనే చూశాను. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకి పక్కన పెట్టు. పీకాక పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకో. తడి కాళ్లతో వద్దు. ఎస్‌ఎంపీఎస్ డబ్బా, అదే లోపలి భాగాలకి కరెంటు అందించేది, ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకు, ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది. పాత పవర్ కేబుల్‌కి తగిలించే చవక కన్వర్టర్లు వాడకు, లోపల వైర్లు కలిసి కాలిపోయినవి ఉన్నాయి. వేరే ఎస్‌ఎంపీఎస్ కేబుల్ కూడా సరిపోయింది కదా అని పెట్టకు. పిన్నుల వరస ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉండొచ్చు, డిస్క్ కాలిపోవచ్చు. నన్ను చాదస్తం అనుకో, ఫరవాలేదు.

విప్పే ముందు లోపల ఫోటో తీసుకో. కేబుల్‌ని వైరు పట్టుకుని లాగకు, కొసన క్లిప్ ఉంటే నొక్కి తిన్నగా తియ్యి. అడ్డంగా ఊపితే డిస్క్ వైపు ఉండే ఎల్ ఆకారం ప్లాస్టిక్ నాలుక విరుగుతుంది. మీ ఇల్లు బీచ్‌కి దగ్గర కదా, ఉప్పుగాలికి కాంటాక్టుల మీద మసకగా పట్టిందేమో టార్చ్ వేసి చూడు. ఒక్కోసారి తీసి మళ్లీ గట్టిగా పెడితేనే సరైపోతుంది.

అలా సరికాకపోతే ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడు. గూడు అదే, డిస్క్ అదే, డేటా కేబుల్ మాత్రం కొత్తది. తర్వాత పోర్టు, ఆ తర్వాత పవర్ కేబుల్. ప్రతిసారీ బయోస్‌లో, అంటే విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగుల పేజీలో, డిస్క్ కనబడుతోందా చూడు. అక్కడే లేకపోతే విండోస్‌ని తిట్టి లాభం లేదు. చివరికి, బాగున్న డిస్క్‌ని ఆ అనుమానం గూట్లో అవే కేబుళ్లకి తగిలించు. అది కనబడితే తప్పు నీ డిస్క్‌దే. అన్నట్టు, సంక్రాంతికి ఎం.2 ఎస్‌ఎస్‌డీ, అదే బోర్డుకే గుచ్చే సన్నటి డిస్క్, పెట్టించావు కదా? చాలా బోర్డుల్లో అది పెట్టగానే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. విప్పకముందే మాన్యువల్లో ఆ ముక్క చదువు, మొత్తం గొడవ అక్కడే తేలిపోవచ్చు.

డిస్క్ కనబడుతుంటే, కాపీ అయ్యాక, క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే ప్రోగ్రాంలో స్మార్ట్ అంకెలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, చూడు. 5, 197, 198 వరసల్లో రా వాల్యూ (అసలు లెక్క) పెరుగుతుంటే డిస్క్ మీద ఆశ వదులుకో. 199 ఒక్కటే పెరుగుతుంటే సాధారణంగా డేటా కేబుల్ తప్పు. కేబుల్ మార్చినా ఆ అంకె వెనక్కి తగ్గదు, అక్కడితో ఆగిందా లేదా అన్నదే చూడాలి. ఇది తెలియక మంచి డిస్కుల్ని పారేసినవాళ్లున్నారు.

మీ నాన్నతో 1 టీబీ ఖాళీ డిస్క్, రెండు కొత్త సాటా కేబుళ్లు పంపుతున్నాను. కేబుళ్లు నువ్వే ఉంచుకో, డిస్క్ మాత్రం తిరిగివ్వాలి. మధ్యాహ్నం అన్నం తిన్నాకే మొదలుపెట్టు.

మీ అత్త